సామాను ముందు వెళ్ళింది

మా ఆయన ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. సర్వీసంతా ప్రతి ఫైలు మీదా ఏదో ఒక అభ్యంతరం రాసి వెనక్కి పంపడంలో పేరు తెచ్చుకున్నారు. పంచాంగం మీద మాత్రం ఇంతవరకు ఒక్క అభ్యంతరం కూడా రాయలేదు. అందువల్లే, లాక్‌డౌన్‌లో దేశంలో జనమంతా ఇంటినిండా సామానుతో ఇరుక్కుపోతే, మేమిద్దరం సామాను లేకుండా ఇరుక్కుపోయాం.

వివరంగా చెప్తాను. గ్రేటర్ నోయిడాలో మాకొక ఫ్లాటు ఉంది. నేను వసంత్ కుంజ్‌లో ఒక బడిలో లెక్కలు చెప్పి, ఆయన తర్వాత కొన్నేళ్ళకు రిటైరయ్యాను. నేను ఇంటిపట్టున పడేదాకా ఆగి, ఆయన ఎన్నాళ్ళ నుంచో దాచుకున్న ముచ్చట బయటికి తీశారు. విశాఖపట్నం దాటి కొంతదూరం వెళ్తే సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు వస్తుంది. ఆయన పుట్టి పెరిగింది అక్కడే. అక్కడ అద్దెకు ఒక మేడవాటా చూశారు. వరండాలో కూర్చుంటే సముద్రం కనిపిస్తుందట. ఇక్కడి ఫ్లాటు ఒక సాఫ్ట్‌వేర్ జంటకు అద్దెకిచ్చి, మేము అక్కడికి వెళ్ళి స్థిరపడాలని నిర్ణయం జరిగిపోయింది. నిర్ణయాలు మా ఇంట్లో అలాగే జరుగుతాయి. పొద్దున లేచేసరికి వాన కురిసి ఉన్నట్టు, అవి కురిసి ఉంటాయి.

తర్వాత ఆ ఊరి పురోహితుడికి ఫోన్ వెళ్ళింది. అమావాస్య లోపల సామాను కొత్త ఇంట్లో చేరాలి, మనుషులు మాత్రం ఉగాది వెళ్ళాకే కదలాలి అని ఆయన సెలవిచ్చాడు.

"సామాను ముందేమిటి, మనం తర్వాతేమిటి?" అన్నాను.

"సామానుకి జన్మనక్షత్రం ఉండదు గదా. మనకుంటాది" అన్నారు మా ఆయన.

హోలీ వెళ్ళిన వారంలో లారీ వచ్చింది. మంచాలు, బీరువా, ఫ్రిజ్, గ్రైండర్, పోపులపెట్టె, ఆవకాయ జాడీ, కర్టెన్లు, ఆఖరికి గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా, అన్నీ ఎక్కేశాయి. గ్యాస్ సిలిండర్ కూడా అప్పగించేశాం. మధ్యలో మిగిలిన రోజులు ఢిల్లీ సాకేత్‌లో మా అమ్మాయి ఇంట్లో గడపాలని అనుకున్నాం. తీరా చూస్తే అల్లుడు అప్పుడే విదేశం నుంచి తిరిగొచ్చి, ఒక గదిలో తలుపేసుకుని కూర్చున్నాడు. "మమ్మీ, అభీ మత్ ఆనా" అంది మా అమ్మాయి ఫోన్‌లో, ఇప్పుడే రావద్దని. దానికి తెలుగు బాగానే అర్థమవుతుంది, నోటికి మాత్రం హిందీయే వస్తుంది. సరే, నాలుగు రోజుల భాగ్యానికి ఏముందిలే అని ఖాళీ ఫ్లాటులోనే ఉండిపోయాం. మా దగ్గర ఉన్నవి రెండు సూట్‌కేసులు, ఒక చాప, దుప్పట్లు, చిన్న కరెంటు కుక్కరు, ప్రయాణం కోసం అట్టిపెట్టుకున్న పళ్ళేలు, గ్లాసులు, టీ పెట్టుకునే కరెంటు కెటిల్.

ముందు రైళ్ళు ఆగిపోయాయి. తర్వాత, సరిగ్గా అమావాస్య నాటి సాయంత్రం, దేశమంతా మూసేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. టీవీ లారీలో వెళ్ళిపోయింది కాబట్టి, చెరో సూట్‌కేసు మీద కూర్చుని ఫోన్‌లో చూశాం. అప్పటికి సామాను మంచి రోజున, మంచి ఘడియలో, వాళ్ళ ఊరు చేరి ఉంది. పంచాంగంలో ఏ లోపమూ లేదు.

నాకేమనిపించిందో చెప్తాను. సంతోషమనిపించింది. లోకమంతా భయంతో వణుకుతుంటే అలా అనిపించకూడదు, నాకూ భయం ఉంది, అమ్మాయి గురించి దిగులు ఉంది. అయినా రైళ్ళు లేవు అన్న మాట వినగానే, పరీక్ష వాయిదా పడిందని విన్న పిల్లలాగా నా గుండె తేలికపడింది. నాకు ఆ ఊరు వెళ్ళాలని లేదు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు లేదంటే, ఆ ఊరు చెడ్డదని కాదు. మాది కృష్ణా జిల్లా. పెళ్ళయ్యాక ఢిల్లీ అన్నారు, వచ్చాను. హిందీలో ఒక్క ముక్క రాకుండా వచ్చి, కూరగాయల వాళ్ళతో సైగలు చేసి, బస్సుల్లో తప్పిపోయి, ఏడ్చి, నేర్చుకుని, చివరికి ఆ భాషలోనే పిల్లలకు భిన్నాలు చెప్పేదాన్నయ్యాను. ఇప్పుడు కోపం వస్తే ముందు హిందీ వస్తుంది నాకు. ఇక్కడ నేను ఎవరి కోడలినో, ఎవరి వదిననో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. పార్కులో నాతో నడిచే ఆడవాళ్ళకు నేను మేడమ్‌ని, ఎదురింటావిడకు దీదీని. ఆ ఊళ్ళో అడుగు పెట్టగానే నేను ఫలానావారి కోడలినైపోతాను. చీర ఏది కట్టానో, ఎవరింటికి వెళ్ళానో, ఎవరింటికి వెళ్ళలేదో అందరికీ తెలిసిపోతుంది. అరవై దాటాక ఇంకో కొత్త కాపురం పెట్టే ఓపిక నాకు లేదు. పైగా ఫిబ్రవరిలో ఢిల్లీ రోడ్ల పక్కన పూసే పూలను వదిలి ఎక్కడికైనా ఎందుకు వెళ్ళాలి?

ప్రకటన వచ్చిన మర్నాడే ఉగాది. చింతపండు లారీలో వెళ్ళిపోయింది. మామిడికాయ బజార్లో ఇంకా రాలేదు, బజారే లేదు. గేటు దగ్గరి వేపచెట్టు ఇంకా పూయలేదు. లేత వేపాకు తుంచి, నిమ్మకాయ పిండి, ఎదురింటావిడ ఇచ్చిన బెల్లం కలిపి, స్టీలు గ్లాసులో ఉగాది పచ్చడి అనిపించాను. మా ఆయన అభ్యంతరం చెప్పకుండా తాగేశారు. సూట్‌కేసును తూర్పు గోడకు చేర్చి, దాని మీద ఫోన్ నిలబెట్టి, పురోహితుడి పంచాంగ శ్రవణం విన్నారు. ఆ ఏడాది ప్రయాణాలు బాగా కలిసొస్తాయట.

ఎదురింటావిడ గురించి చెప్పాలి. బులంద్‌షహర్ వైపు మనిషి, నా ఈడుదే, భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఒంటరిగా ఉంటుంది కానీ ఆమె గొంతు వింటే పదిమంది ఉన్న ఇల్లనుకుంటారు. మేము చాప మీద పడుకుంటున్నామని తెలిసి తలుపు దగ్గరే నిలబడి నన్ను తిట్టింది. "దీదీ, ఆప్ భీ కమాల్ హో. సామాన్ భేజ్ దియా, ఖుద్ రహ్ గయే?" అని, సామాను పంపేసి మీరు ఉండిపోవడమేమిటని. జన్మనక్షత్రం సంగతి నేను హిందీలో వివరించడానికి ప్రయత్నించాను. సగం దాకా విని నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి ఆమె గుమ్మంలోంచి ఒక మడతమంచం, ఒక కరెంటు పొయ్యి, చపాతీల పీట, కర్ర బయటికొచ్చాయి. మనిషి మాత్రం దగ్గరికి రాలేదు, అప్పట్లో అందరం ఆరడుగుల దూరం పాటిస్తున్నాం. వస్తువులు మధ్యలో పెట్టి వెనక్కి జరిగేది, నేను ముందుకెళ్ళి తీసుకునేదాన్ని. దొంగసరుకు చేతులు మారినట్టుండేది వ్యవహారం.

ఆ తర్వాత ఈ కబురు మా టవరు వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. పై అంతస్తు వాళ్ళు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పంపారు. ఎవరో బొంత, ఎవరో బకెట్టు, ఎవరో మూకుడు. కర్టెన్లు లేని మా కిటికీలోంచి ఎదుటి టవరు వాళ్ళకు మా సంసారం మొత్తం కనిపించేదేమో, ఒకరోజు రెండు పాత చీరలు కూడా వచ్చాయి, కిటికీకి కట్టుకోమని. కుర్చీ ఒక్కటే కాబట్టి దానికి వంతులు వేసుకున్నాం. పొద్దున ఆయనది, మధ్యాహ్నం నాది. ఆయన తన వంతు అయ్యాక కూడా లేచేవారు కాదు.

సామాను లేని ఇంటికి ఒక గుణం ఉంది. ఏం మాట్లాడినా మోగుతుంది. గిన్నె కింద పెడితే పక్కగదిలో పెట్టినట్టు వినిపిస్తుంది. కాస్త గొంతు పెంచితే గోడలన్నీ కలిసి మన మీదికి అరుస్తాయి. అందుచేత మేము పోట్లాటలన్నీ మెల్లగా ఆడుకోవడం అలవాటు చేసుకున్నాం. మెల్లగా పోట్లాడటం మహా కష్టం, మధ్యలో నవ్వొచ్చేస్తుంది.

రోజులు ఒక పద్ధతిలో పడ్డాయి. పొద్దున్నే మాస్కు కట్టుకుని నేను కిందికి వెళ్ళి పాలు తెచ్చేదాన్ని. లిఫ్టు మీట నొక్కడానికి అగ్గిపుల్ల తీసుకెళ్ళేవాళ్ళం. పాల ప్యాకెట్లను సబ్బుతో కడిగి ఆరబెట్టేవాళ్ళం, చంటిపిల్లలకు పోసినట్టు. గేటు దగ్గర గార్డు భయ్యా నా నుదుటి మీద తుపాకీలాంటిది పెట్టి, చూసి, "ఠీక్ హై మేడమ్" అనేవాడు. ఆ ఒక్క మాటతో ఆ రోజుకు బతికే ఉన్నామని ధైర్యం వచ్చేది. కూరగాయల బండి వారంలో రెండు మూడుసార్లు గేటు దాకా రానిచ్చేవారు. సొరకాయ, సొరకాయ, మళ్ళీ సొరకాయ. ఆకాశం మాత్రం నేనెప్పుడూ చూడనంత నీలంగా ఉండేది. ఒకరోజు తెల్లారేసరికి ఖాళీ రోడ్డు మీద నీల్‌గాయ్ అనే మనుబోతు ఒకటి, ఎవరి అనుమతీ అడగకుండా, నింపాదిగా నడిచి వెళ్తోంది. దాన్ని చూసి నాకు అసూయ వేసింది.

మా ఆయన దినచర్య వేరు. లేవగానే ఆ ఊళ్ళో మేడ కింద వాటాలో ఉండే ఇంటాయనకు ఫోన్ చేసేవారు. ఆయన పాపం ఓపికమంతుడు. ఫోన్ పట్టుకుని మేడెక్కి, వరండాలో నిలబడి, సముద్రం వైపు చూపించేవాడు. మా ఆయన స్పీకర్ పెట్టి, కుర్చీలో కళ్ళు మూసుకుని వినేవారు. నాకు వినిపించింది గాలి ఒక్కటే, ఎవరో ఫోన్‌లోకి ఊదుతున్నట్టు. "విన్నావేటి? అలలు" అనేవారు. "ఆఁ" అనేదాన్ని వంటింట్లోంచి. ఖాళీ ఇంట్లో ఆ గాలి అన్ని గదుల్లోనూ తిరిగేది. వింటున్నప్పుడు ఆయన ముఖం చూస్తే, పని మానేసి ఒక్క నిమిషం చూడబుద్ధయ్యేది. ఫైళ్ళ మనిషిలో అంత మెత్తదనం ఎక్కడుందో ఇన్నేళ్ళూ నాకు తెలియలేదు.

సముద్రం వినడం అయ్యాక సామాను క్షేమసమాచారాలు. బీరువా గోడకు చేర్చాం బాబూ. ఫ్రిజ్జుకి తుప్పు పట్టకుండా గుడ్డ కప్పాం బాబూ. ఒకరోజు, "బాబూ, మీ జాడీ నుంచి నూనె కారతంది, ఏటి సెయ్యమంటారు?" అన్నాడు. నేను నా చేత్తో కలిపిన ఆవకాయ అది. మా ఆయన క్షణం ఆలోచించకుండా, "తీసీసి మీరు వాడుకోండి" అన్నారు. ఆ పూట మేము తిన్నది సొరకాయ పప్పు, చపాతీలు. చపాతీ కర్ర పీట మీద కాస్త గట్టిగా పడింది, ఇల్లంతా మోగింది.

ఆయన ఏదీ కొననిచ్చేవారు కాదు. గరిటె కొందామన్నా, తువ్వాలు కొందామన్నా, "అక్కడ ఉంది గదా, మళ్ళీ ఎందుకూ?" అనేవారు. కొత్త అద్దెవాళ్ళు తాము హైదరాబాదులో ఇరుక్కున్నామనీ, ఇల్లు ఇప్పట్లో అక్కర్లేదనీ ఫోన్ చేసినా ఆయన ధోరణి మారలేదు. అమ్మాయి ఏమైనా పంపుతుందేమోనంటే, మేముండేది ఉత్తరప్రదేశ్ వైపు కాబట్టి, ఢిల్లీకీ మాకూ మధ్య సరిహద్దు మూసేశారు. కారులో గంట దూరంలో ఉన్న కూతురు విదేశంలో ఉన్నంత దూరమైపోయింది. వీడియోలో మనవరాలు మా ఖాళీ హాలు చూసి, "నానీ, మీ ఇల్లు క్రికెట్ గ్రౌండా?" అని హిందీలో అడిగింది.

నిజం చెప్పాలంటే ఆ నెలలు నాకు హాయిగా గడిచాయి. తుడవడానికి సామాను లేదు, సర్దడానికి బీరువా లేదు. సాయంత్రాలు నేను మా గుమ్మంలో, ఎదురింటావిడ తన గుమ్మంలో, మధ్యలో వరండా అంత దూరం పెట్టుకుని టీ తాగేవాళ్ళం. ఆమె కబుర్లు చెప్తే నేను వినేదాన్ని, నేను చెప్తే ఆమె మధ్యలో అడ్డొచ్చేది. ఒకరోజు ఉన్నట్టుండి, "దీదీ, మీకు వెళ్ళాలని ఉందా?" అని హిందీలో అడిగింది. ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమే. నేను కప్పులోకి చూస్తూ, "సామాను వెళ్ళిపోయింది కదా" అన్నాను.

జూన్ వచ్చేసరికి కొన్ని రైళ్ళు మొదలయ్యాయి. మా ఆయన ముఖంలో కళ వచ్చింది. టికెట్లు దొరికాయి. ఆ పూట నేను వంకాయలు తరుగుతుంటే వచ్చి చెప్పారు. నేను అచ్ఛా అన్నాను. వంకాయలు అలా తరుగుతూనే ఉన్నాను, చూసుకునేసరికి ఇద్దరికి కావలసినదానికంటే బోలెడు ముక్కలయ్యాయి. పరీక్ష తేదీ మళ్ళీ పడింది, ఈసారి వాయిదా లేదు.

ఎదురింటావిడకు చెప్పాను. ఆమె, "మంచం ఇప్పుడే ఇవ్వకండి, ఆఖరి రోజు చూద్దాం" అని తలుపు వేసుకుంది. ఆమె తలుపు పగలు వేసి ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున మా ఆయన ఊరికి ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టారు. గాలి వినిపించలేదు, ఇంటాయన మేడెక్కలేదు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"బాబూ, మీరు ఇప్పుడు రాకండి. ఢిల్లీ నుంచి వచ్చేవోళ్ళంటే ఊళ్ళో బెదిరిపోతన్నారు. వీధి మొదట్లో కంప అడ్డెట్టేసినారు. ఏటనుకోకండి బాబూ."

"ఢిల్లీవోళ్ళేటి? నేను మన ఊరోణ్ణి గదా" అన్నారు మా ఆయన.

"ఈ కుర్రోళ్ళకి ఏటి తెలుసు బాబూ. మీరు ఢిల్లీవోళ్ళనే అంటన్నారు."

ఫోన్ పెట్టేశాక ఆయన కుర్చీలోంచి లేవలేదు. ఆ రోజు మధ్యాహ్నం వంతు నేను అడగలేదు. ఢిల్లీలో ఇన్నేళ్ళూ ఎవరైనా ఏ ఊరని అడిగితే, ఆయన ఒక్కసారి కూడా ఢిల్లీ అనలేదు. ఆఫీసులో, రైల్లో, ఆస్పత్రిలో, ఎక్కడైనా ముందు ఆ ఊరి పేరు, తర్వాత తన పేరు. ఇప్పుడు ఆ ఊరే ఆయనకు ఢిల్లీవాడని పేరు పెట్టింది.

మర్నాడు పొద్దున ఆయన ఫోన్ చేయలేదు. ఆ తర్వాత రోజూ చేయలేదు. గోడవైపు తిరిగి కూర్చుని కెటిల్‌లో నీళ్ళు కాచుకుంటూ ఉండేవారు, టీ పెట్టడం మర్చిపోయి మళ్ళీ కాచేవారు. టికెట్లు రద్దు చేసెయ్యమంటారా అని అడిగితే, "నీ ఇష్టం" అన్నారు. పెళ్ళయ్యాక ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. అది కూడా ఇష్టంతో అన్నది కాదు.

నేను కోరుకున్నదే జరిగింది. ఊరే రావద్దంది. నేను నోరెత్తనక్కర్లేదు, ఎవరి మనసూ నొప్పించనక్కర్లేదు, హాయిగా ఇక్కడే ఉండొచ్చు. సంతోషించాలి కదా. రెండు రోజులు ప్రయత్నించాను, సంతోషం రాలేదు. ఆయన వీపు చూస్తే కోపం వచ్చేది. ఎవరి మీదనో మొదట అర్థం కాలేదు. వంటింట్లో గిన్నెలు తోముతుంటే అర్థమయింది.

చేతులు తుడుచుకుని, ఆయన స్నానానికి వెళ్ళిన సమయం చూసి, ఫోన్ తీసుకున్నాను. ఇంటాయన తీశాడు. నేను ఎవరినో చెప్పి, సీదా విషయానికొచ్చాను.

"మీరు చేసింది ఏమన్నా బావుందా అండీ? ఆయన పుట్టిన ఊరికి ఆయన రాకూడదా?"

"అమ్మా, నానేటి సెయ్యగలను, ఊళ్ళోవోళ్ళు..."

"పరీక్ష చేయించుకుని వస్తాం. వచ్చాక మేడ మీదే ఉంటాం, ప్రభుత్వం ఎన్నాళ్ళు ఉండమంటే అన్నాళ్ళు మెట్లు దిగం. కూరలు మెట్ల మీద పెట్టండి చాలు. మా మంచాలు మీ ఇంట్లో ఉన్నాయి, మా బీరువా మీ ఇంట్లో ఉంది, మా ఆవకాయ మీరు తింటున్నారు. వస్తువులు ఢిల్లీవి కావా మరి? వాటికి అడ్డురాని కంప మనుషులకు అడ్డమా?"

నా గొంతు అప్పటికే ఇల్లంతా మోగుతోంది. మెల్లగా పోట్లాడే అలవాటు ఆ ఒక్క ఫోన్‌లో కొట్టుకుపోయింది. మధ్యలో హిందీ కూడా దొర్లింది, ఆ మనిషికి ఏం అర్థమయిందో తెలియదు. ఫోన్ చేతులు మారిన చప్పుడైంది, ఇంటావిడ వచ్చింది.

"అమ్మా, నాను ఆవకాయ తిన్నాను, మా బాగుంది" అంది ముందు. తర్వాత, "మీరు రండమ్మా. మా ఆయనకి నోరు లేదు. ఊళ్ళోవోళ్ళతోటి నాను మాటాడతాను. ఆయనగారు ఈ ఊరోడు కాకపోతే ఇంకెవురు?"

ఆవిడ మాట మీద నిలబడే మనిషని గొంతులోనే తెలిసింది. నేను థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాను. గెలిచాను. గెలిచిన ఆనందంలో రెండు అడుగులు వేసి, మూడో అడుగు దగ్గర ఆగిపోయాను. ఏం గెలిచానో అప్పుడు తెలిసింది. నాకు వెళ్ళాలని లేని ఊరికి, దారి మూసుకుపోయిన ఊరికి, నేనే నోరుపెట్టుకుని అరిచి దారి తెరిపించుకున్నాను.

వెనక్కి తిరిగితే మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. తల తడిగా ఉంది, తువ్వాలు భుజం మీద ఉంది. ఈ ఇంట్లో స్నానాల గదిలో ఉన్నా అంతా వినిపిస్తుందని నాకు గుర్తు లేదు.

ఆయన నా ముఖం వైపు చాలాసేపు చూశారు. ఫైలు మీద అభ్యంతరం రాసే ముందు చూసే చూపు నాకు తెలుసు. ఇది అది కాదు.

"నీకు అక్కడికి రావాలని లేదు గదా" అన్నారు.

అబద్ధం చెప్పొచ్చు. సామాను వెళ్ళిపోయింది కదా అని మళ్ళీ అనొచ్చు. ఎందుకో ఆ పూట నోటికి రాలేదు.

"లేదు" అన్నాను. చాలా చిన్నగా అన్నాను, అయినా గదులన్నీ విన్నాయి.

"ఎప్పటినుంచి?"

"మీరు మొదట చెప్పినప్పటినుంచి."

"మరి ఎందుకలగ దెబ్బలాడావు ఆయనతోటి?"

"మిమ్మల్ని రావద్దనడానికి వాళ్ళెవరండీ? ఆ మాట అనాలంటే నేననాలి."

ఆయన నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. తువ్వాలుతో తల తుడుచుకోబోయి ఆగారు.

"మరి అనలేదేటి ఇన్నాళ్ళూ?"

"మీరు అడిగితే కదా" అన్నాను. ఆ మాటలో కోపం లేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఢిల్లీ వస్తావా అని అడగలేదు, నోయిడాలో ఫ్లాటు తీసుకుందామా అని అడగలేదు, సముద్రం ఒడ్డున ఉందామా అని అడగలేదు. ఆయన చెడ్డవారై కాదు. అడగాలని ఆయనకు ఎవరూ నేర్పలేదు, జవాబు చెప్పాలని నాకూ ఎవరూ నేర్పలేదు.

ఆయన ఒక్కగానొక్క కుర్చీని లాక్కొచ్చి వంటింటి గుమ్మంలో వేశారు. కూర్చుంటారనుకున్నాను. నన్ను కూర్చోమన్నారు. తను వెళ్ళి సూట్‌కేసు తెచ్చుకుని నా ఎదురుగా దాని మీద కూర్చున్నారు. గొంతు సవరించుకున్నారు. అంత పెద్ద మనిషి, ఇంటర్వ్యూకు వచ్చిన కుర్రాడిలా చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు.

"వస్తావా?" అని అడిగారు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆపుకున్నాను. జవాబు నా దగ్గర అప్పటికే ఉంది. దీపావళి పొగ మొదలయ్యే వేళకు అక్కడికి, ఫిబ్రవరి పూల వేళకు ఇక్కడికి, సామాను చెరి సగం. తర్వాత అలాగే అయింది కూడా, ఇప్పటికీ అలాగే జరుగుతోంది. ఇంటావిడా నేనూ ఇప్పుడు మంచి స్నేహితులం.

కానీ ఆ పూట అదేమీ చెప్పలేదు.

"ఆలోచించి చెప్తాను" అన్నాను.

ఆయన సరేనని తలూపి, టీ పెట్టడానికి లేచారు. ఎన్నో ఏళ్ళకు ఒక ప్రశ్న నన్ను వెతుక్కుంటూ వచ్చింది. వెంటనే జవాబిచ్చి పంపెయ్యడానికి నాకు మనసొప్పలేదు.